పద్దెనిమిది ఊపిర్లు

సేఫ్టీ ఉద్యోగంలో కొత్తగా చేరినవాళ్ళు నన్ను అప్పుడప్పుడు ఫోన్‌లో అడుగుతుంటారు, "సార్, మీ సర్వీసులో ఎన్ని యాక్సిడెంట్లు చూశారు?" అని. క్రికెట్ స్కోరు అడిగినట్టు అడుగుతారు. నేను అంకె చెప్పను. చెబితే ఒక్కదాని గురించే చెబుతాను. అందులో తాడు తెగలేదు, నిప్పు అంటుకోలేదు, క్రేను పడలేదు. ఆ యాక్సిడెంట్‌కి కారణం నేను తయారుచేసిన ఒక ఆట. బల్ల చుట్టూ కూర్చుని, పాచికలు వేస్తూ, కథ చెప్పుకుంటూ ఆడే ఆట. ఇన్నాళ్ళూ దీన్ని రాయకుండా తప్పించుకోవడానికి నా దగ్గర మంచి మంచి సాకులుండేవి. రిటైరయ్యాక ఖాళీ ఎక్కువై, ఒక్కొక్క సాకునూ తీరిగ్గా తిరగేసి చూస్తే ఏదీ నిలబడలేదు.

ఖతార్‌లో నేను పనిచేసింది షట్‌డౌన్ పనులు చేసే ఒక కాంట్రాక్ట్ కంపెనీలో. మెసయీద్ అనే పారిశ్రామిక పట్టణంలో ఏదో ఒక ప్లాంటును కొన్ని వారాలు ఆపేసి, లోపలి భాగాలు విప్పి, శుభ్రం చేసి, మళ్ళీ బిగిస్తారు. ఆ విప్పేదీ బిగించేదీ మావాళ్ళు. వాళ్ళ క్యాంపు బిర్కత్ అల్ అవామిర్‌లో. నాదీ అక్కడే, కాకపోతే ఆఫీసర్ని కాబట్టి గదికి ఇద్దరమే. పని మొదలయ్యే ముందు రోజూ పావుగంట సేపు జాగ్రత్తలు చెప్పడం నా డ్యూటీ. ఇంగ్లీషు కాగితం చేతిలో పెట్టుకుని, హిందీలోకీ తెలుగులోకీ మార్చి గట్టిగా చదివేవాణ్ణి. అయిపోయాక అందరూ వరసగా సంతకాలు పెట్టేవాళ్ళు. ఆ సంతకాల ఫైళ్ళు నా బీరువాలో ఎంత నీటుగా ఉండేవంటే, ఆడిట్‌కి వచ్చినవాళ్ళు ముందు వాటినే మెచ్చుకునేవాళ్ళు.

ఒక రోజు నైట్రోజన్ గురించి చెప్పాను. ప్లాంటులోని పెద్ద పెద్ద ఉక్కు పాత్రల్లో నిప్పు రాజుకోకుండా ఆ వాయువు నింపి ఉంచుతారు. మనం రోజూ పీల్చే గాలిలో ఉండేదే. వాసన లేదు, రంగు లేదు, కనీసం దగ్గు కూడా రాదు. కానీ అదొక్కటే ఉన్నచోట తల పెడితే, ఒకటి రెండు సార్లు పీల్చేలోగా మనిషి కుప్పకూలిపోతాడు. అతన్ని లాగబోయి దిగినవాడు కూడా పడిపోతాడు. కాపాడబోయినవాళ్ళు పోవడం మా వృత్తిలో అందరికీ తెలిసిన సంగతి. ఇదంతా గొంతు పోయేలా చెప్పి, ముందు వరసలో ఉన్న ఫిట్టర్‌ని అడిగాను, "ఇప్పుడు నేనేం చెప్పాను?" అని. జగిత్యాల దగ్గరివాడు, ముప్ఫై దాటినవాడు, పనిలో చాలా గట్టివాడు. కాసేపు ఆలోచించి చెప్పాడు.

"హెల్మెట్ పెట్టుకొమ్మన్నరు సార్."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాననుకుంటాను, కానీ లోపల భగ్గుమంది. ఆ కోపంలోనే ఆఫీసుకి వచ్చి పక్క క్యాబిన్‌లోని డ్రాఫ్ట్స్‌మన్ దగ్గర కూర్చున్నాను. అతనిది ఫిలిప్పీన్స్. ప్లాంటు బొమ్మలు గీసేవాడు. నెమ్మదిగా మాట్లాడే మనిషి, టేబుల్ సొరుగులో ఎప్పుడూ ఒక గుడ్డ సంచీ నిండా పాచికలుండేవి. నాలుగు ముఖాలవి, ఎనిమిది ముఖాలవి, ఇరవై ముఖాలవి. సెలవు రోజుల్లో దోహాలోని నజ్మాలో ఒక స్నేహితుడి గదిలో చేరి రాక్షసులూ మంత్రగాళ్ళూ ఉండే ఒక పాత అమెరికన్ ఆట ఆడేవాళ్ళు. నాకది చాదస్తంగా కనిపించేది.

"మీ మేనేజర్లు కూడా ఆడతారుగా" అన్నాడతను. నిజమే. ఏడాదికోసారి మా మేనేజర్లు ఏసీ గదిలో బల్ల చుట్టూ కూర్చుని, ప్లాంటు పేలిపోయినట్టు ఊహించుకుని, ఎవరు ఎవరికి ఫోన్ చెయ్యాలో చెప్పుకునేవాళ్ళు. దాన్ని టేబుల్‌టాప్ డ్రిల్ అంటారు. బిస్కెట్లు కూడా ఉంటాయి. "మాదీ అదే, కాకపోతే మాకు రాక్షసులున్నారు, మీకు లేరు" అన్నాడు.

ఆ ఆట ఎలా పుట్టిందో అతను చెబుతుంటే నేను టీ చల్లారబెట్టుకుని విన్నాను. అమెరికాలో మంచు పడే ప్రాంతంలో కొందరు బల్ల మీద బొమ్మ సైనికుల్ని నిలబెట్టి పాతకాలపు యుద్ధాలు ఆడుకునేవాళ్ళట. ఒకడి చేతిలో ఒక సైన్యం, ఇంకొకడి చేతిలో ఇంకొక సైన్యం. ఆ గుంపులో ఒకాయన ఏం చేశాడంటే, సైన్యాలు పక్కన పెట్టి, ఒక్కొక్కరికీ ఒక్కొక్క మనిషినే ఇచ్చాడు. వాళ్ళను ఒక కోట కింది నేలమాళిగలోకి పంపాడు. నువ్వు చూసేది ఇదీ, నీకు వినపడేది ఇదీ అని తను చెబుతుంటే, ఏం చేస్తామో వాళ్ళు చెప్పాలి. అన్నిటికంటే వింతేమిటంటే ఆ మనిషి ఈ వారంతో అయిపోడు. వచ్చే వారం మళ్ళీ వస్తాడు, నేర్చుకుంటాడు, ముదురుతాడు. వేరే ఊళ్ళో ఇంకొకాయన దానికి నియమాలు రాసి పుస్తకంగా చేశాడు. ఎవరూ అచ్చు వెయ్యకపోతే తామే వేయించుకుని, పెట్టెల్లో చేత్తో సర్దుకుని అమ్మారట. ఇన్ని ముఖాల పాచికలు ఎక్కడివంటే, బడి పిల్లలకు లెక్కలు నేర్పే సామాన్ల పట్టికలో దొరికాయట. ఆట పెద్దదయ్యాక అది ఎవరిదన్న దాని మీద ఆ ఇద్దరూ చెడిపోయి కోర్టుకెక్కారని కూడా చెప్పాడు.

నా బుర్రలో దీపం వెలిగింది. ఆ శుక్రవారం భోజనాలయ్యాక క్యాంపు మెస్ హాల్లో ఒక బల్ల దగ్గర మావాళ్ళు ఏడుగురిని కూర్చోబెట్టాను. అందరూ తెలుగువాళ్ళే, ఒకే బృందం. వాళ్ళకి పెద్ద కడప ఫోర్‌మన్. యాభై దాటిన మనిషి, బృందంలో ఎవరికి జ్వరమొచ్చినా తన కంచంలోంచి తీసి పెట్టేవాడు. మొదట ముఖం చిట్లించాడు.

"ఏందికి సార్ ఈ పిల్లోళ్ళ ఆట? రేపు పొద్దున కొత్త పని ఉండాది. పొడుకోనీండి మనుషుల్ని."

"ఒక్క గంట. నచ్చకపోతే మళ్ళీ పిలవను" అన్నాను.

వాళ్ళ కోసం నేనొక పాత కోట కట్టాను. దాని కింద నేలమాళిగ, నేలమాళిగలో గదులు. ఒక గదిలో కంటికి కనపడని భూతం, దానికి వాసన లేదు, అడుగుల చప్పుడు లేదు. అది నా నైట్రోజన్. ఎవరి అసలు పని వాళ్ళు చెయ్యకూడదని నియమం పెట్టాను. ఫోర్‌మన్ దొంగ అయ్యాడు, ఫిట్టర్ రాజవైద్యుడయ్యాడు. ఆ బృందంలో ఒక రిగ్గర్ ఉండేవాడు, అంటే క్రేనుకి బరువులు కట్టే మనిషి. నలభై ఏళ్ళుంటాయి. ఇతనిదీ జగిత్యాల వైపే. నాలుగేళ్ళలో నాతో నాలుగు మాటలు మాట్లాడి ఉండడు. నేనేదైనా చెబుతుంటే నా భుజం మీదుగా ఎటో చూస్తుండేవాడు. అతన్ని నువ్వెవరు అనడిగితే వెంటనే చెప్పాడు.

"గజఈతగాన్ని. మా కాడ బాయిల ఎవలన్న పడితే నన్నే పిల్సెటోళ్ళు సార్. బతికున్నోళ్ళను తీసిన, సచ్చినోళ్ళను తీసిన."

ఆ గంటలో అతను మాట్లాడినంత ఎవరూ మాట్లాడలేదు. దివిటీ ఆరిపోతే గోడ తడుముకుంటూ నడిచాడు. నీళ్ళ గదిలో మునిగి తాళంచెవి తెచ్చాడు. ఫోర్‌మన్ దొంగగా దొరికిపోతే తన్నులు తిని విడిపించాడు. అందరూ పొట్టలు పట్టుకుని నవ్వారు. చివరికి భూతం గది వచ్చింది. ఫిట్టర్ వైద్యుడు తలుపు తీసుకుని లోపలికి పోయాడు. పడిపోయావు, అన్నాను. రిగ్గర్ వెంటనే, నేను పోతున్న, అన్నాడు. నువ్వూ పోయావు, అన్నాను. నేను గర్వంగా చూస్తున్నాను, చూశారా, ఇదీ పాఠం అన్నట్టు.

"గిదేం అన్యాలం సార్?" అన్నాడు రిగ్గర్. "పాచిక సుత ఎయ్యనియ్యలే. ఎట్ల సచ్చిన నేను?"

మరుసటి శుక్రవారం ముగ్గురే వచ్చారు. ఆ పైవారం ఫోర్‌మన్ ఒక్కడే వచ్చాడు, అదీ నన్ను చూసి జాలిపడి. డ్రాఫ్ట్స్‌మన్‌తో చెప్పుకుని వాపోయాను. అతను నవ్వాడు. ఆ అమెరికాలోనూ అచ్చం ఇదే జరిగిందట. మొదట్లో ఒక్క దెబ్బ తగిలితే మనిషి చచ్చినట్టే. వారాల తరబడి పెంచుకున్న మనిషి ఒక్క పాచికకి పోతే ఆడేవాళ్ళు ఒప్పుకోలేదు. అప్పుడు ఆ మొదటాయన ఓడల యుద్ధం ఆటలోంచి ఒక లెక్క తెచ్చాడట. ఓడ ఒక్క గుండుకి మునగదు కదా, ఇన్ని గుండ్లు తగిలితేనే మునుగుతుందని దానికొక అంకె ఉంటుంది. ఆ అంకెనే మనిషికి పెట్టాడు. అప్పటినుంచి దెబ్బ తగిలితే అంకె తగ్గుతుందే గానీ ప్రాణం పోదు. ఆట బతికింది ఆ అంకెతోనే అన్నాడు.

నేను అదే రోజు కూర్చుని నియమం మార్చాను. ఒక్కొక్కరికీ పన్నెండు ఊపిర్లు. భూతం గదిలోకి పోవడానికి ఒక పాచిక, పడినవాణ్ణి ఎత్తడానికి ఒకటి, బయటికి రావడానికి ఒకటి. లూడో పాచికే. ఎంత పడితే అన్ని ఊపిర్లు ఖర్చు. ఉన్నవాటికి మించి ఖర్చయితేనే చావు. గజఈతగాడు ఊరుకోలేదు, ఊపిరి బిగబట్టడం వచ్చినవాడికీ రానివాడికీ ఒకే లెక్కా అన్నాడు. సరే, నీకు పద్దెనిమిది అన్నాను. మూడు సార్లూ ఆరే పడినా అతను బయటికి వచ్చేస్తాడని నాకు లెక్క వెయ్యకుండానే తెలుసు. చావులేని మనిషిని తయారుచేశాను. అతని ముఖం వెలిగిపోయింది, అది చూసి నాకూ సంతోషమేసింది.

డ్రాఫ్ట్స్‌మన్‌కి ఆ కాగితం చూపించాను. చదివి తల గోక్కున్నాడు. "మై ఫ్రెండ్, నైట్రోజన్‌కి కూడా పన్నెండు ఊపిర్లా?" అన్నాడు.

"ఆట కదా" అన్నాను.

"మాది ఆటే. మీది ట్రైనింగ్ అన్నావు" అన్నాడు. నాకు చిరాకేసి కాగితం లాక్కున్నాను.

ఆట బ్రహ్మాండంగా నడిచింది. ఏడుగురూ ఒక్క వారం మానలేదు, పక్క బల్లలవాళ్ళు కంచాలు పట్టుకుని నిలబడి చూసేవాళ్ళు. జాగ్రత్తల గురించి ఎవర్నడిగినా గడగడా చెప్పేవాళ్ళు. మేనేజర్ ఒకసారి వచ్చి ఫోటో తీయించి, కొత్త ఆలోచన అని నాకొక సర్టిఫికెట్ ఇచ్చాడు. ఫ్రేము కట్టించుకున్నాను. అబద్ధమెందుకు, రోజుకోసారైనా దాని వంక చూసుకునేవాణ్ణి. ఆట ఎవరిదని కంపెనీలో ఎవరడిగినా, నాదే అని అడిగినదానికంటే ఎక్కువ చెప్పేవాణ్ణి.

ఆ ఏడాది ఒక షట్‌డౌన్ చివరికి వచ్చింది. ఒక పెద్ద పాత్రలో లోపలి పని అంతా అయిపోయి, నైట్రోజన్ నింపేశారు. దాని పైన మనిషి దూరేంత గుండ్రటి కంత ఉంటుంది, మ్యాన్‌వే అంటారు. ఇక దాని మూత బిగించడమే మిగిలింది. లోపలికి ఎవరూ దిగాల్సిన పని లేదు కాబట్టి గాలి సిలిండర్లతో కాపలా ఉండే రక్షక బృందాన్ని పై అంతస్తులో పెట్టలేదు, కింద ఉంచారు. అది నేనూ ఒప్పుకున్న ఏర్పాటే. పొద్దున పదింటికి నేను పక్క యూనిట్‌లో, ఎవరో ఊడబీకిన హెచ్చరిక బోర్డు గురించి ఒకడి మీద కేకలేస్తున్నాను. వాకీటాకీలో ఫోర్‌మన్ గొంతు వినిపించింది. మామూలుగా అతను అరిచే మనిషి కాదు.

నేను మెట్లెక్కి పైకి వెళ్ళేసరికి ఫిట్టర్ ఇనుప జాలీ మీద పడి ఉన్నాడు, ఇద్దరు అతని గుండె మీద ఒత్తుతున్నారు. దగ్గాడు, వాంతి చేసుకున్నాడు, బతికాడు. ఫోర్‌మన్ మాత్రం అటు చూడడం లేదు. మ్యాన్‌వేకి వీపు ఆనించి, రెండు చేతులూ బార్లా చాపి, అటూ ఇటూ ఉన్న గొట్టాలు పట్టుకుని నిలబడ్డాడు. బృందంలోని మిగతా ఇద్దరు అతన్ని గుద్దుతున్నారు, తిడుతున్నారు, చొక్కా పట్టుకుని లాగుతున్నారు. "అన్న లోపలున్నడు, ఇడువు, లంజకొడుకా, ఇడువు" అంటున్నారు. అతను కదల్లేదు. పెదవి చిట్లి గడ్డం మీదికి రక్తం కారుతోంది. అతని వెనక ఆ కంతలోంచి ఏ చప్పుడూ లేదు.

జరిగిందిది. మూతకి పెట్టే రబ్బరు పట్టీ ఒకటి జారి, లోపల నిచ్చెన మెట్టు మీద పడింది. చేతికందేంత దూరమే. ఫిట్టర్ వంగి తీయబోయి, తలా భుజాలూ లోపల పెట్టి, అలాగే జారిపోయాడు. నిచ్చెన కిందున్న చిన్న ఇనుప అరుగు మీద పడ్డాడు. రిగ్గర్ ఒక్క క్షణం ఆగలేదు. దిగి, ఫిట్టర్‌ని భుజం మీదికెత్తి పైకి నెట్టాడు. పైనున్నవాళ్ళు చంకల కింద పట్టుకుని లాగేశారు. అప్పటిదాకా అతను ఊపిరి బిగబట్టే ఉన్నాడు. అంత బరువు ఎత్తాక పీల్చక తప్పలేదు. చెయ్యి పైకి చాచి, మళ్ళీ కిందికి వెళ్ళిపోయాడని చూసినవాళ్ళు చెప్పారు. సిలిండర్లవాళ్ళు ముసుగులు తగిలించుకుని, కిందినుంచి పైకొచ్చి దిగేసరికి నాలుగు నిమిషాలు దాటింది. అతన్ని బయటికి తీసి, స్ట్రెచర్‌లాంటి బుట్టలో కట్టి కిందికి దించారు. నేను బుట్ట పక్కనే మెట్లు దిగాను. ఒక కాలికి బూటు లేదు.

అంబులెన్సు వెళ్ళాక ఫోర్‌మన్ నా దగ్గరికి వచ్చాడు. పెదవి తుడుచుకోలేదు.

"నేను కాలు పట్టుకున్యా సార్. ఇదిలించుకున్యాడు. 'నాకు పద్దెనిమిది ఉన్నయి తియ్యే' అన్యాడు. నవ్వుతా దిగినాడు సార్."

అక్కడే సిమెంటు దిమ్మ మీద కూర్చుండిపోయాను. అతను చనిపోయాడని ఆస్పత్రి నుంచి కబురు రాకముందే, ఈ మాట ఇంకెవరు విన్నారు అన్న ఆలోచన నాకొచ్చింది. ఆ వరస మీకు తెలియాలి, అందుకే రాస్తున్నాను.

మూడో రోజు విచారణ. మా మేనేజరూ, ప్లాంటు తరఫున ఇద్దరూ. ఫోర్‌మన్‌కి ఇంగ్లీషు రాదు కాబట్టి అతని మాటలు తర్జుమా చేసే పని నాకే అప్పజెప్పారు. దిగే ముందు చనిపోయిన మనిషి ఏమైనా అన్నాడా అనడిగారు. ఫోర్‌మన్ నా ముఖంలోకి చూస్తూ తెలుగులో చెప్పాడు.

"నాకు పద్దెనిమిది ఉన్నయి అన్యాడు. చెప్పండి సార్ వాళ్ళకి."

నేను ఇంగ్లీషులో చెప్పాను: ఏదో అన్నాడు గానీ ఆ గోలలో సరిగా వినపడలేదంటున్నాడు.

ఇరవై ఏళ్ళు గల్ఫ్‌లో ఉన్నవాడికి ఇంగ్లీషు మాట్లాడడం రాకపోవచ్చు, అర్థం కాకుండా ఎందుకుంటుంది? ఫోర్‌మన్ చూపు నా మీదే ఉంది. నా తర్జుమాని సరిదిద్దలేదు. నాకు ఉద్యోగం పోతుందని జాలిపడ్డాడో, ఇంత దిగజారిన మనిషితో మాట్లాడేదేమిటనుకున్నాడో, నేను అడగలేకపోయాను. తర్వాత నా ఫైళ్ళు తెప్పించారు. సంతకాలున్నాయి. ఆట ఆడుతున్న ఫోటో ఉంది, అందులో నవ్వుతూ రిగ్గర్ కూడా ఉన్నాడు. ఇంకేం కావాలి? శిక్షణ పొందిన కార్మికుడు, ప్రమాదం తెలిసి కూడా, నిబంధన ఉల్లంఘించి ప్రాణం పోగొట్టుకున్నాడు. ఆ వాక్యం పొందిగ్గా రాసిపెట్టమని నన్నే అడిగారు. రాసిపెట్టాను.

రెండు వారాలకి ఫిట్టర్ ఆస్పత్రి నుంచి వచ్చాడు. ఆ శుక్రవారం నన్ను మెస్ హాల్‌కి రమ్మని కబురు పెట్టాడు. వెళ్తే బల్ల చుట్టూ ఆరుగురూ కూర్చుని ఉన్నారు, ఒక కుర్చీ ఖాళీ. నేను ఆట ఆపేశానని చెప్పబోయాను.

"కూసో సార్" అన్నాడు ఫిట్టర్. "ఇయ్యాల నేను చెప్త. భూతం అర్రల నేను వడ్డ. పాచికల్లేవు, ఊపిర్లు లేవు. సిలిండర్లు వచ్చేదాక ఎవ్వలు రావద్దు. నాలుగు నిమిషాలు. ఫోర్‌మన్, గడియారం వట్టు."

అందరూ చేతులు బల్ల మీద పెట్టారు. ఫోర్‌మన్ వాచీ విప్పి ముందు పెట్టుకున్నాడు. నాలుగు నిమిషాలు ఎంత పొడుగో అప్పుడు తెలిసింది. ఫిట్టర్ తల బల్ల మీద వాల్చి కళ్ళు మూసుకున్నాడు. అతను మాకందరికీ చేతికందేంత దూరంలో ఉన్నాడు. వంటవాళ్ళు కంచాలు కడుగుతున్న చప్పుడు వస్తోంది. రెండో నిమిషంలో ఒకడు లేవబోయాడు, ఫోర్‌మన్ భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టాడు. వాడు ఏడవడం మొదలుపెట్టాడు. నాకు కూడా ఫిట్టర్‌ని పట్టుకుని కుదిపి లేపాలన్నంత బాధ కలిగింది. నేను ఇన్నేళ్ళు పొద్దున్నే పావుగంటలో చదివి పారేసిన వాక్యం ఇది. లోపలికి పోవద్దు, బయట నిలబడండి. అలా నిలబడడం ఎంత కష్టమో నాకెప్పుడూ తెలియలేదు, వాళ్ళకు నేర్పనూ లేదు. నేర్పాల్సింది ఆ ఒక్కటే.

"అయిపాయ" అన్నాడు ఫోర్‌మన్.

ఫిట్టర్ తలెత్తాడు. "ఇప్పుడు నేను సచ్చిన్నా సార్?"

"ఆ" అన్నాను.

"రూల్ వాటిస్తే నేను సచ్చేటోన్ని, అన్న ఉండేటోడు. గంతే గద?"

ఎవరూ లోపలికి పోకూడదన్నది నిజం. పోయినవాడి వల్ల ఇతను నా ఎదురుగా కూర్చుని ఉన్నది కూడా నిజం. మీలో ఎవరికైనా తేలిగ్గా జవాబు దొరికితే మీరింకా ఎవర్నీ బుట్టలో దించలేదని అర్థం.

"వదినెకు ఫోన్ జేసిన" అన్నాడు ఫిట్టర్. "కంపెనోళ్ళు చెప్పిన్రట. చెప్పిన మాట ఇనక సచ్చిండని. ఊరంత గదే అంటున్నరట. ఆమె నన్నడిగింది, నిజమేనా మరిది, అని. నేనేం చెప్పాలె సార్? మీరు చెప్పున్రి."

ఎవరూ నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. ఫోర్‌మన్ కిందికి చూస్తూ వాచీ పెట్టుకుంటున్నాడు.

ఆదివారం నేను కొత్త వాంగ్మూలం రాశాను. ఆట నాదని, భూతం గది నియమం నాదని, పన్నెండూ పద్దెనిమిదీ నేనిచ్చిన అంకెలని, ఫోర్‌మన్ చెప్పిన మాట విచారణలో నేనే మింగేశానని రాసి మేనేజర్ చేతికిచ్చాను. అతను నిలబడే చదివాడు. ఫైలు మూసేశాం, ఇప్పుడిది దేనికి అన్నాడు. తీసుకోనని మాత్రం అనలేదు, సొరుగులో పెట్టాడు. అది ఫైలులోకి వెళ్ళిందో, ఇంకెక్కడికి వెళ్ళిందో నాకు తెలియదు. ఆ తర్వాత రెండు నెలలకు నా కాంట్రాక్టు పొడిగించలేదు. వయసు కూడా దగ్గరపడింది కాబట్టి దాన్ని రిటైర్మెంట్ అని పిలుచుకుంటున్నాను.

ఆ ఆదివారం సాయంత్రమే ఫిట్టర్ ఫోన్ కలిపి నాకిచ్చాడు. ఫోర్‌మన్ పక్కనే ఉన్నాడు. నేను ఎవరో చెప్పాను. దుబాయి నుంచి ఆఫీసరు సారు అని ఆమె అవతల ఎవరికో చెప్పింది. ఖతార్ అని సరిదిద్దే ఓపిక నాకు లేదు. ఆట గురించి, నియమం గురించి, ఆమెకు అర్థమయ్యేట్టు చెప్పడానికి ప్రయత్నించాను. ఆమె చివరిదాకా విన్నది.

"అంటే, గట్ల లోపలికి పోవచ్చని ఆయనకు మీరే చెప్పిన్రా?"

"నేనే చెప్పానమ్మా. చెప్పిన మాట వినకపోవడం కాదు. ఆయన నా మాట విన్నాడు."

ఆమె ఆ మాట అవతలివాళ్ళకు తిప్పి చెప్పడం వినపడింది.

"ఇంట్ల ఎన్నడు ఎవ్వల మాట ఇనకపోయేది సార్" అన్నది. "మీ మాట ఒక్కటే ఇన్నడు."